కనురెప్ప క్యాన్సర్: శస్త్రచికిత్స, కొత్త రెప్ప కూర్పు

ఎంతో ప్రేమగా చూసుకునే వస్తువును "కంటికి రెప్పలా" కాపాడుకున్నామని చెప్పడం మన వాడుక. దుమ్ము, ఎండ, పురుగు, ఏది మీదికి వచ్చినా ముందుగా కదిలేది రెప్పే. అది నిమిషానికి పది పదిహేను సార్లు మూతపడి, కన్నీటిని పలుచగా పరచి, నల్లగుడ్డు ఎండిపోకుండా చూస్తుంది. అటువంటి రెప్పకే క్యాన్సర్ సోకినప్పుడు, చెడిన భాగాన్ని కోసి తీసివేయడం, తీసిన చోట కంటిని కాపాడగల మరో రెప్పను కూర్చడం అనే రెండు పనులూ శస్త్రవైద్యుడే చేయవలసి ఉంటుంది. ఈ రెండింటినీ సరిహద్దు పల్లెల కుటుంబాలకు అర్థమయ్యే రీతిలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి తాలూకాల పల్లెలలో రెప్ప మీద ఏ గడ్డ లేచినా దానిని కంటి కురుపు అనే అంటారు. నూటికి తొంభై పాళ్ళు ఆ మాట నిజమే కావచ్చు. అయితే యాభై ఏళ్ళు దాటినవారిలో అదే చోట మళ్ళీ మళ్ళీ లేచే కురుపును కురుపుగానే భావించి నెలల తరబడి ఊరుకోవడం ప్రమాదకరం. రెప్ప క్యాన్సర్ చిన్నదిగా ఉన్నప్పుడు ఒక్క శస్త్రచికిత్సతో కన్నూ, చూపూ, ప్రాణమూ మూడూ దక్కుతాయి. ఆలస్యమైతే కంటినే తీసివేయవలసిన స్థితి రావచ్చు.

రెప్ప నిర్మాణం

రెప్పను రెండు పొరల దుప్పటిగా ఊహించుకోవచ్చు. వెలుపలి పొరలో చర్మం, దాని క్రింద రెప్పను మూసే కండరం ఉంటాయి. మన శరీరం మొత్తంలో అతి పలుచని చర్మం ఇదే. లోపలి పొరలో టార్సస్ అనే గట్టి పలక, దానికి అంటుకొని కంటిని తాకుతూ ఉండే నునుపైన కంజంక్టైవా పొర ఉంటాయి. టార్సస్ పలకలో నూనె గ్రంథులు వరుసగా నిలిచి ఉంటాయి. పై రెప్పలో ఇవి సుమారు 30 నుండి 40, క్రింది రెప్పలో 20 నుండి 30 వరకు ఉంటాయి. ఇవి విడిచే నూనె వల్లనే కన్నీరు త్వరగా ఆరిపోదు. ముక్కు వైపు మూలలో కన్నీటిని ముక్కులోకి చేర్చే సన్నని కాలువలు ఉన్నాయి.

ఈ రెండు పొరల సంగతి గుర్తుంచుకోవాలి. కొత్త రెప్ప కూర్చేటప్పుడు వైద్యుడు ఈ రెండింటినీ వేరువేరుగా తయారు చేయవలసి ఉంటుంది.

మూడు ప్రధాన రకాలు

మొదటిది బేసల్ సెల్ కార్సినోమా. ఇది ఎక్కువగా క్రింది రెప్ప మీద, ముక్కు వైపు మూలలో వస్తుంది. ముత్యంలా మెరిసే అంచులతో చిన్న బొడిపెగా మొదలై, నడుమ పుండు పడుతుంది. మన వారిలో నల్లగా కూడా ఉండవచ్చు గనుక పుట్టుమచ్చ అని పొరబడే అవకాశం ఉంది. ఏళ్ళ తరబడి ఎండలో పనిచేయడం దీనికి ముఖ్య కారణాలలో ఒకటి. ఇది మెల్లగా పెరుగుతుంది, దూరపు అవయవాలకు పాకడం చాలా అరుదు. కానీ ఉన్న చోటనే లోతుకు దిగి కంటి గూటిని తొలిచివేయగలదు.

రెండవది స్క్వామస్ సెల్ కార్సినోమా. గరుకుగా, పొలుసులు లేచినట్లుగా, పుండుగా కనిపిస్తుంది. మొదటిదానికంటే వేగంగా పెరుగుతుంది. చెవి ముందరి, దవడ క్రింది బిళ్ళలకు పాకగలదు.

మూడవది సెబేషియస్ గ్లాండ్ కార్సినోమా. పైన చెప్పిన నూనె గ్రంథులలో పుట్టే క్యాన్సర్ ఇది. ఆ గ్రంథులు పై రెప్పలో ఎక్కువ గనుక ఇదీ అక్కడే ఎక్కువగా కనిపిస్తుంది. నొప్పి ఉండదు. పసుపు రంగు గట్టి గడ్డగానో, రెప్ప అంచు దళసరి కావడంగానో, ఒకే కంటికి మానని ఎరుపుగానో మొదలవుతుంది. వైద్యులు సైతం దీనిని మొదట మామూలు చలేజియన్ గడ్డ అనుకోవడం కద్దు. ముగ్గురిలోనూ మాయలమారి ఇదే.

పాశ్చాత్య దేశాలలో రెప్ప క్యాన్సర్లలో అత్యధిక భాగం బేసల్ సెల్ రకమే. మన దేశంలో లెక్క వేరు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు వచ్చిన 536 మంది రెప్ప క్యాన్సర్ రోగుల వివరాలను డాక్టర్ స్వాతి కలికి బృందం పరిశీలించి 2019లో ప్రచురించింది. వారిలో సగానికి పైగా సెబేషియస్ రకం వారే. బేసల్ సెల్ సుమారు నాలుగవ వంతు, స్క్వామస్ సెల్ అంతకంటే తక్కువ. కాబట్టి విదేశీ పుస్తకాలలో "మెల్లగా పెరిగే క్యాన్సర్, తొందర లేదు" అని చదివినది మన ఇంటి పెద్దలకు వర్తిస్తుందని అనుకోరాదు.

కురుపు కాదని అనుమానించవలసిన గుర్తులు

మామూలు కంటి కురుపు ఎర్రగా, నొప్పిగా లేచి, వెచ్చని కాపడంతో వారం రెండు వారాలలో పగిలి మానుతుంది. నొప్పి లేని చలేజియన్ గడ్డకు కొన్ని వారాలు, ఒక్కొక్కసారి నెల రెండు నెలలు పట్టవచ్చు. ఈ క్రింది గుర్తులలో ఏ ఒక్కటి కనిపించినా కంటి వైద్యుని చూడాలి.

1. తీయించిన గడ్డ అదే చోట మళ్ళీ లేవడం.
2. గడ్డ ఉన్న చోట రెప్ప వెంట్రుకలు రాలిపోవడం.
3. గడ్డ నడుమ పుండు పడడం, చెక్కు కట్టడం, అప్పుడప్పుడు రక్తం రావడం.
4. రెప్ప అంచు రూపు చెడడం, దళసరి కావడం, నొక్కు పడడం.
5. ఒకే కంటికి ఎరుపు, ఊసి నెలల తరబడి ఉండడం, చుక్కల మందుకు తగ్గకపోవడం.
6. చెవి ముందర గాని, దవడ క్రింద గాని బిళ్ళ కట్టడం.

ఇటువంటి గడ్డ మీద సున్నం పూయడం, ఆకు పసరు పిండడం, వాత పెట్టడం చేయరాదు. వాటివల్ల గడ్డ తగ్గదు సరికదా నల్లగుడ్డు కాలి చూపు పోవచ్చు. మందుల అంగడిలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు ఎరుపును తాత్కాలికంగా తగ్గించి, అసలు జబ్బును దాచివేస్తాయి.

ముక్క పరీక్ష తప్పనిసరి

క్యాన్సర్ అవునా కాదా అన్నది చూపుతో తేలదు. గడ్డలోని చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శిని క్రింద చూడాలి. దీనినే బయాప్సీ అంటారు. గడ్డ చిన్నదైతే మొత్తం తీసే పరీక్షకు పంపుతారు. పెద్దదైతే ముందు ముక్క తీసి, ఫలితం వచ్చాక అసలు శస్త్రచికిత్స చేస్తారు. సెబేషియస్ రకం అని అనుమానం ఉన్నప్పుడు రెప్ప లోపలి పొర నుండి కూడా అక్కడక్కడ చిన్న చిన్న ముక్కలు తీస్తారు. ఈ రకం కొన్నిసార్లు పైకి కనిపించకుండా పొర వెంబడి ప్రాకి, నడుమ ఖాళీలు వదలి, మరో చోట తేలుతుంది.

మన పల్లెలలో "కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుంది" అనే భయం బలంగా ఉంది. ముక్క పరీక్ష వల్ల రెప్ప క్యాన్సర్ ఒళ్ళంతా పాకదు. అది పాకడానికి దారి ఇచ్చేవి ఆలస్యం, సగం సగం తీయడం. కురుపు అనుకొని గీకి వదిలిన గడ్డ, పరీక్షకు పంపక పారవేసిన ముక్క, ఈ రెండూ రోగికి నెలల కాలాన్ని పోగొడతాయి. కాబట్టి చిన్న క్లినిక్కులో గడ్డ తీయించుకున్నా సరే, "ఈ ముక్కను పరీక్షకు పంపండి, రిపోర్టు ఇవ్వండి" అని అడగడం రోగి హక్కు. ఆ రిపోర్టును బియ్యం కార్డుతో సమానంగా భద్రపరచాలి.

కోత: ఎంత మేర తీయాలి?

క్యాన్సర్ కంటికి కనిపించినంత మేరకే ఉండదు. చెట్టు వేరులా అంచు దాటి లోపల పోతుంది. కాబట్టి చుట్టూ మంచి చర్మాన్ని కూడా కొంత కలిపి తీయాలి. బేసల్ సెల్ రకానికి సాధారణంగా 3 నుండి 4 మిల్లీమీటర్లు, సెబేషియస్ రకానికి 5 నుండి 6 మిల్లీమీటర్లు అదనంగా తీస్తారు. రెప్ప మొత్తం పొడవే సుమారు 30 మిల్లీమీటర్లు. ఈ లెక్క చూస్తే చిన్న గడ్డకు సైతం ఎంత రెప్ప పోతుందో, గడ్డ పెరిగేకొద్దీ మిగిలేది ఎంత తగ్గుతుందో తెలుస్తుంది.

తీసిన భాగం అంచులలో క్యాన్సర్ కణాలు మిగలలేదని రూఢి చేసుకోవాలి. ఇందుకు ఉన్న పద్ధతులలో ఒకటి ఫ్రోజెన్ సెక్షన్. రోగి ఆపరేషన్ బల్లపై ఉండగానే తీసిన అంచులను గడ్డకట్టించి, పలుచగా కోసి, పాథాలజిస్టు పరీక్షిస్తారు. కణాలు ఉన్నాయంటే ఆ వైపు మరికొంత తీస్తారు. రెండవది మోస్ పద్ధతి. అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ మోస్ 1930లలో దీనికి నాంది పలికాడు. పొర తరువాత పొర తీస్తూ, ప్రతి పొరనూ పటం గీసి చూస్తూ, శుభ్రమైన చోట ఆపడం దీని విధానం. దీనికి ప్రత్యేక శిక్షణ కావాలి గనుక మన దేశంలో కొద్ది చోట్లనే లభిస్తుంది. ఫ్రోజెన్ సెక్షన్ వసతి లేని చోట, గాయాన్ని తాత్కాలికంగా కప్పి ఉంచి, పూర్తి రిపోర్టు వచ్చిన కొన్ని రోజులకు రెప్ప కూర్చడం కూడా సరైన పద్ధతే. "కోసి వదిలేశారు" అని బెదరనక్కరలేదు.

రిపోర్టు ఆంగ్లంలో ఉంటుంది. అందులో "మార్జిన్స్ ఫ్రీ" అని ఉంటే అంచులు శుభ్రమని అర్థం. "మార్జిన్ ఇన్వాల్వ్‌డ్" అని ఉంటే ఇంకా మిగిలి ఉందని, మరల తీయాలని అర్థం. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఈ ఒక్క మాటను వెదికి చదివినా ఎంతో మేలు.

కొత్త రెప్పను ఎలా కూరుస్తారు?

మూల సూత్రం ఒక్కటే. రెండు పొరలలో కనీసం ఒక్కదానికి సొంత రక్తప్రసారం ఉండాలి. నారుమడి నుండి పీకిన మొక్కకు తడి నేల ఎంత అవసరమో, తెచ్చి అతికిన చర్మానికి రక్తం ఉన్న పొర అంత అవసరం. రెండూ తెచ్చి అతికినవే అయితే రెండూ ఎండిపోతాయి. రక్తనాళాలతో సహా పక్క నుండి జరిపే భాగాన్ని ఫ్లాప్ అని, పూర్తిగా విడదీసి తెచ్చి అతికేదానిని గ్రాఫ్ట్ అని అంటారు.

పోయిన భాగం రెప్పలో నాలుగవ వంతు లోపు ఉంటే, రెండు అంచులనూ దగ్గరకు లాగి నేరుగా కుట్టివేస్తారు. వయసు మళ్ళినవారిలో రెప్ప సాగుతుంది గనుక మూడవ వంతు వరకూ ఇది వీలవుతుంది. ఒక గంట పని, సాధారణంగా మత్తు సూది ఆ చోట మాత్రమే ఇస్తారు.

మూడవ వంతు నుండి సగం వరకు పోతే, చెవి వైపు మూలలో రెప్పను పట్టి ఉంచే నరాన్ని వదులు చేసి, కణత వైపు చర్మాన్ని అర్ధచంద్రాకారంగా కోసి లోపలికి జరుపుతారు. దీనిని 1975లో వివరించిన వైద్యుని పేరున టెంజెల్ ఫ్లాప్ అంటారు.

క్రింది రెప్ప సగానికి మించి పోతే హ్యూస్ పద్ధతి ఉంది. 1937 నుండి ప్రసిద్ధమైన ఈ విధానంలో, పై రెప్ప లోపలి పొరలో కొంత భాగాన్ని రక్తనాళాలతో సహా క్రిందికి దించి, క్రింది రెప్పకు లోపలి పొరగా కుడతారు. దానిపై చెవి వెనుక నుండి గాని, రెండవ కంటి పై రెప్ప నుండి గాని తెచ్చిన చర్మాన్ని అతుకుతారు. ఈ వంతెన ఉన్నంత కాలం ఆ కన్ను మూసే ఉంటుంది. మూడు నుండి ఆరు వారాల తరువాత చిన్న ఆపరేషన్‌తో వంతెనను విడదీసి కన్ను తెరుస్తారు. రెండవ కంటికి చూపు లేనివారు ఈ సంగతిని ముందుగానే వైద్యునికి చెప్పాలి. వారికి కన్ను మూయనవసరం లేని మరో పద్ధతిని ఎంచుకుంటారు. స్కాట్లండ్ వైద్యుడు ముస్టార్డే పేరున ఉన్న పద్ధతిలో చెంప చర్మాన్నే పెద్దగా త్రిప్పి రెప్పకు తెస్తారు. లోపలి పొరకు చెవి మృదులాస్థి గాని, నోటి అంగిలి పొర గాని వాడతారు.

పై రెప్ప సగానికి మించి పోతే కట్లర్-బియర్డ్ పద్ధతి ఉంది. 1955లో వెలువడిన ఈ విధానంలో క్రింది రెప్ప అంచుకు దిగువ నుండి పొరలను పైకి తెచ్చి కుడతారు. ఇందులోనూ కన్ను ఆరు నుండి ఎనిమిది వారాలు మూసి ఉంటుంది.

ముక్కు వైపు మూలలో గాయమైతే నుదుటి నడుమ నుండి చర్మాన్ని క్రిందికి త్రిప్పి తెస్తారు. నుదుటి చర్మంతో ముఖాన్ని బాగుచేసే ఈ విద్య మన దేశానికి కొత్తది కాదు. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఆంగ్లేయుల సైన్యానికి బండ్లు తోలే కావస్జీ అనేవాడు టిప్పు సుల్తాను సైనికులకు పట్టుబడగా, వారు అతని ముక్కు కోసివేశారు. సుమారు ఏడాది తరువాత పూనా వద్ద ఒక దేశీయ వైద్యుడు నుదుటి చర్మంతో అతనికి కొత్త ముక్కు కూర్చాడు. 1794లో లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజైన్ ఈ వార్తను చిత్రంతో సహా ప్రకటించడంతో ఐరోపా వైద్యులు ఈ పద్ధతిని నేర్చారు. అదే సూత్రం నేటికీ ఆపరేషన్ గదిలో పనికివస్తున్నది.

కన్నీటి కాలువ తెగితే, సన్నని సిలికాన్ గొట్టాన్ని కొన్ని నెలలు ఉంచి దారి నిలబెట్టే ప్రయత్నం చేస్తారు. అది వీలు కానివారికి కన్ను నీరు కారుతూ ఉండవచ్చు.

ఆపరేషన్‌కు ముందు, తరువాత

గుండె జబ్బుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలుచబరిచే మాత్రలు వాడేవారు ముందుగా చెప్పాలి. తమంతట తాము మానరాదు. చక్కెర, రక్తపోటు అదుపులోకి రావాలి. బీడీ, సిగరెట్టు రక్తనాళాలను ముడిచి, అతికిన చర్మాన్ని చంపుతాయి. కనీసం ముందు కొన్ని వారాలు, తరువాత కొన్ని వారాలు మానితీరాలి.

ఆపరేషన్ తరువాత వాపు, కమిలిన నలుపు రెండు మూడు వారాలు ఉంటాయి. తల ఎత్తుగా పెట్టుకొని పడుకోవాలి. ఇచ్చిన పూత మందును చేతులు కడుగుకొని వాడాలి. చర్మపు కుట్లు సుమారు వారానికి, రెప్ప అంచు కుట్లు పది నుండి పదునాలుగు రోజులకు తీస్తారు. దుమ్ము, కట్టెల పొయ్యి పొగ, పశువుల కొట్టం పని కొంతకాలం వద్దు. ఒక కన్ను మూసి ఉన్నప్పుడు లోతు అంచనా తప్పుతుంది కాబట్టి ద్విచక్ర వాహనం నడపడం, బావిగట్టు మీద నడవడం, కొడవలి పని మానాలి.

విపరీతమైన నొప్పి, ఆగని రక్తం, చీము, చూపు మందగించడం కనిపిస్తే మరునాటి వరకు ఆగక ఆస్పత్రికి వెళ్ళాలి.

కొత్త రెప్ప పుట్టుకతో వచ్చిన రెప్పలా ఉండదని ముందే తెలుసుకోవడం మంచిది. దానికి వెంట్రుకలు ఉండకపోవచ్చు. అంచు కొద్దిగా వెలుపలికో లోపలికో తిరగవచ్చు, పూర్తిగా మూతపడకపోవచ్చు. వీటిని తరువాత చిన్న ఆపరేషన్లతో సరిచేయవచ్చు. కంటిని కప్పి తడిగా ఉంచితే ఆ రెప్ప తన పని చేస్తున్నట్లే.

జబ్బు ముదిరితే

క్యాన్సర్ బిళ్ళలకు పాకితే మెడ ఆపరేషన్, రేడియేషన్ అవసరమవుతాయి. లోపలి పొర వెంబడి ప్రాకిన దానికి అతిశీతల చికిత్స, మైటోమైసిన్ చుక్కలు వాడతారు. పెద్ద సెబేషియస్ గడ్డలను ముందుగా కీమోథెరపీతో కుదించి, ఆ తరువాత కోసే పద్ధతీ ఉంది. కంటి గూటిలోకి దిగినప్పుడు మాత్రం ప్రాణం కాపాడడానికి కంటిని, చుట్టూ ఉన్న కండను తీసివేయక తప్పదు. ఆ తరువాత కళ్ళద్దాలకు అమర్చిన కృత్రిమ భాగంతో ముఖం నలుగురిలో తిరిగేలా చేయవచ్చు.

నయమైన తరువాత కూడా తొలి రెండేళ్ళు మూడు నుండి ఆరు నెలలకొకసారి, మొత్తం మీద కనీసం ఐదేళ్ళు పరీక్షకు వెళ్ళాలి. ప్రతిసారీ రెప్ప లోపలి వైపు, చెవి ముందర, దవడ క్రింద చూపించుకోవాలి.

ఎక్కడికి వెళ్ళాలి?

మొదటి మెట్టు తాలూకా ఆస్పత్రిలోని కంటి వైద్యుడు. అక్కడ కన్నడంలో "కణ్ణు రెప్పెయ గంటు" అంటే రెప్ప మీది గడ్డ అని వెంటనే అర్థమవుతుంది. గడ్డ ఎన్ని నెలలుగా ఉంది, ఎన్నిసార్లు తీశారు అన్నది తప్పక చెప్పాలి. పాత చీటీలన్నీ వెంట తీసుకుపోవాలి.

ఆ పైన బెంగళూరులో ప్రభుత్వ మింటో కంటి ఆస్పత్రి, క్యాన్సర్‌కు కిద్వాయి స్మారక సంస్థ ఉన్నాయి. రెప్ప కూర్పులో శిక్షణ పొందినవారిని ఆక్యులోప్లాస్టీ వైద్యులు అంటారు. ఆ విభాగం ఉందా, ఫ్రోజెన్ సెక్షన్ వసతి ఉందా అని ముందుగా అడగాలి. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ సంస్థలో కంటి క్యాన్సర్‌కు ప్రత్యేక విభాగమే ఉంది. అక్కడ మాట్లాడేది తెలుగే. బాగేపల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి నేరుగా అక్కడికి చేరుస్తుంది. చెల్లించలేని రోగులకు ఉచిత చికిత్స చేయడం ఆ సంస్థ విధానం.

ఖర్చు విషయం. కర్ణాటకలో 2018 నుండి ఆయుష్మాన్ భారత్-ఆరోగ్య కర్ణాటక పథకం అమలులో ఉంది. బీపీఎల్ కార్డున్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. ఏపీఎల్ వారికి నిర్ణీత ఖర్చులో 30 శాతం, ఏడాదికి లక్షన్నర పరిమితితో ప్రభుత్వం భరిస్తుంది. ప్రైవేటు ఆస్పత్రిలో ఈ పథకం వాడుకోవాలంటే సాధారణంగా ప్రభుత్వ ఆస్పత్రి రెఫరల్ చీటీ ఉండాలి. సరిహద్దుకు అటు కార్డు, ఇటు ఇల్లు ఉన్న కుటుంబాలు మన ప్రాంతంలో ఎన్నో. ఆంధ్రప్రదేశ్ కార్డు గలవారికి వర్తించేది ఆ రాష్ట్రపు ఎన్టీఆర్ వైద్య సేవ. కార్డు ఏ రాష్ట్రానిదో, ఆ ఆస్పత్రిలో అది చెల్లుతుందో లేదో చేరకముందే పథకపు కౌంటరులో అడిగి తెలుసుకుంటే, తీరా ఆపరేషన్ నాడు ఇబ్బంది పడనవసరం ఉండదు.

ఇంట్లో చేయగలిగినది

ఎండలో పొలం పనికి పోయేటప్పుడు వెడల్పు అంచు టోపీ గాని, నుదుటి మీదికి దించిన తలగుడ్డ గాని, చలువ కళ్ళద్దాలు గాని వాడడం బేసల్, స్క్వామస్ రకాల నుండి కొంత రక్షణ ఇస్తుంది. సెబేషియస్ రకానికి అటువంటి ఖచ్చితమైన నివారణ లేదు. దానిని త్వరగా పసిగట్టడమే మందు. నెలకొకసారి ఇంటి పెద్దల రెప్పలను పగటి వెలుతురులో పరికించి చూడండి. వెంట్రుకలు ఊడిన చోటు గాని, మానని గడ్డ గాని కనిపిస్తే సంత పనులు, పంట కోతలు ముగిసేదాకా ఆగకండి. గడ్డ బియ్యపు గింజంత ఉన్నప్పుడు ఒక్క పూట ఆస్పత్రి పనితో సరిపోవచ్చు. అదే రెప్ప సగం మేర పెరిగితే వారాల తరబడి కన్ను మూసుకొని కూర్చోవలసి రావచ్చు.